పందికొక్కు నాగలి

మా షెడ్డులో రెండు మాటలు అనకూడదు. ఒకటి మునగడం, రెండోది బోర్లా పడడం. వన్ టౌన్‌లో హార్బరు వైపు దిగే సందులో మా నాన్న పెట్టిన షెడ్డు అది. చేపల బోట్ల షాఫ్టులు, వలలు లాగే వించీలు, నీళ్ళలో తిరిగే ఫ్యాన్లు బాగుచేసే పని మాది. బోటు బాగుచేయించుకోవడానికి వచ్చినవాడి చెవిన ఆ మాటలు పడితే వాడి మొహం మాడిపోతుంది, మళ్ళీ మన గుమ్మం తొక్కడు అనేవాడు నాన్న. ఎవరి బోటైనా నిజంగా సముద్రం పాలైనా సరే, "ఫలానా వాళ్ళ బోటు తడిసిందంట" అనేవాడు. గిన్నె బోర్లించమని చెప్పాలన్నా చేత్తో సైగ చేసేవాడు. ఆయన పోయాక షెడ్డు నా చేతికొచ్చింది, దాంతోపాటు రూలు కూడా వచ్చింది. నాకు నోటి దురుసు ఎక్కువ. తిట్టనివాణ్ణంటూ లేను. అయినా ఆ రెండు మాటలు మాత్రం షెడ్డులో ఇప్పటికీ నా నోట రావు.

మా అప్పకి ఈ రూలంటే వేళాకోళం. మా వైపు అక్కని అప్ప అంటాం. అమ్మ తొందరగా పోవడంతో నన్ను చంకనేసుకుని పెంచింది అప్పే. ఆవిణ్ణి పద్మనాభం దగ్గర ఒక ఊరికి ఇచ్చారు. పట్నంలో పుట్టి పెరిగిన మనిషి, పల్లెకి పోయి నాట్లూ కోతలూ నేర్చుకుంది. మా బావ పోయాక పొలం తనే చేసుకుంటోంది. వానలు ముదిరాయంటే షెడ్డుకి ఫోన్ చేసేది. "ఒరే, మీ బోట్లు తడుత్తాయి గావాల, మా పొలాలు మునుగుతాయిరా. మునిగిపోనాది, మొత్తం మునిగిపోనాది!" అని కావాలనే గట్టిగా అరిచేది. నేను ఫోను చెవికి అదిమిపెట్టుకుని, ఎవరైనా విన్నారేమోనని అటూ ఇటూ చూసేవాణ్ణి.

ఆవిడ పొలంలో సగం పల్లం. గెడ్డ ఒడ్డున, అంటే వాగు పక్కన, బంకమట్టి నేల. వరికి ఆ నేల బంగారమే. వరి కోశాక మినుములు జల్లుతారు, అక్కడే వస్తుంది తంటా. సరిగ్గా మొలక లేచే వేళకి సముద్రంలో ఏదో ఒక వాయుగుండం పుడుతుంది. వాన పడి పొలంలో నీళ్ళు నిలిచిపోతాయి. పక్కనే గెడ్డ ఉన్నా ఆ బంకమట్టి చుక్క నీటిని వదలదు. పైన కాలువలు తీస్తే పైనీళ్ళు పోతాయి తప్ప మట్టి లోపలి నీళ్ళు కదలవు, వేళ్ళు కుళ్ళిపోతాయి. ఏటా జల్లడం, ఏటా కుళ్ళడం.

ఒక ఏడు అప్ప ఫోన్ చేయలేదు. బస్సెక్కి నేరుగా షెడ్డుకే వచ్చింది. చేతిలో కుళ్ళిన మినప మొక్కల కట్ట. తెచ్చి దాన్ని నా లేత్ మిషను మీద పడేసింది.

"ఇదిగో, నా మినుములు. నీ పెళ్ళానికిచ్చి గారెలొండించుకో" అంది.

"అప్పా, మిషను మీద మట్టి..."

"మట్టేటి? నా బతుకే మట్టయిపోతంటే! సెప్తన్నాను ఇను. వొచ్చే ఏడు గానీ ఇలాగే మునిగిపోతే, పొలం కౌలుకిచ్చీసి మీ మేడ మీద గదిలోకి ఒచ్చీసి కూకుంతాను. మూడు పూటలా తింతాను, టీవీ సూత్తాను, సచ్చిపోతాను. సాలా?"

ఆవిడ దాన్ని శాపం పెట్టినట్టు అంది. నాకు మాత్రం, ఏం దాచుకోవాలి, లోపలెక్కడో సంతోషం కలిగింది. ఆ గది మా ఆవిడా నేనూ అప్ప కోసమే వేశాం. కిటికీలోంచి డాల్ఫిన్స్ నోస్ కొండ కనిపిస్తుంది. చిన్నప్పుడు నన్ను ఎత్తుకుని ఆ కొండ మీది లైటు చూపిస్తూ అన్నం పెట్టేది అప్ప. బావ పోయిన దగ్గర్నుంచీ వచ్చి ఉండమని మేం అడుగుతూనే ఉన్నాం. ఆవిడ ఆ గదికి పెట్టిన పేరు జైలు. పొలం వదిలేసి ఆవిడ బతకలేదని మాకూ తెలుసు. తెలిసినా మనసు ఊరుకోదు కదా.

టీ తాగి కొంచెం చల్లబడ్డాక ఇంకో సంగతి చెప్పింది. పొలమంతా కుళ్ళినా ఒక మూల మాత్రం, చాప పరిచినంత మేర, మినుములు పచ్చగా నిలబడ్డాయట. ఎందుకా అని చూస్తే గట్టు కింద పందికొక్కు బొరియ. వరి పండించేవాళ్ళ జన్మంతా పందికొక్కుల్ని తిట్టడంతోనూ, వాటి బొరియల్ని మట్టీ రాళ్ళూ వేసి పూడ్చడంతోనూ సరిపోతుంది. లేకపోతే మడిలో నీళ్ళు నిలవవు. ఆ ఏడు మోకాలి నొప్పితో అప్ప ఒక్క బొరియ పూడ్చకుండా వదిలేసింది. ఆ మూలనున్న నీళ్ళన్నీ అందులోంచే గెడ్డలోకి జారిపోయాయి.

"పందికొక్కు సేసినపాటి పని మీరు సెయ్యలేరేటి? ఇంత ఇనుముంది. ఇంతమంది మగోళ్ళున్నారు" అంది, షెడ్డంతా చూపించి.

ఇంతమంది అంటే ఉన్నది ఇద్దరమే. రెండో మనిషి మా వెల్డరు. యారాడ మనిషి, నాన్న హయాం నుంచీ షెడ్డులో ఉన్నాడు. చుట్టరికం లేకపోయినా నాకు బావ, అతనికి నేను బావ. వాళ్ళది చేపల వేట మీద బతికే ఇల్లు. అతని అన్న ఎక్కిన బోటు ఒకసారి వేటకెళ్ళి తిరిగి రాలేదు. మనిషీ దొరకలేదు, చెక్కముక్కా దొరకలేదు. ఆ తర్వాత వాళ్ళమ్మ చిన్నకొడుకుని సముద్రం మీదకి పోనివ్వలేదు. తెచ్చి మా నాన్నకి అప్పగించింది. "పెద్దోడు ఏటకెళ్ళినాడు" అనేది ఆ తల్లి, ప్రాణం పోయేదాకా అదే మాట. బావ కూడా అంతే. నాన్న పెట్టిన రూలు మాకు షెడ్డు వరకే, అతనికి ఎక్కడున్నా రూలే. అప్ప నోట "మునిగిపోనాది" అని వచ్చినప్పుడల్లా దగ్గరున్న ఇనుముని ముట్టుకుని, "ఆ మాటొద్దు తల్లీ" అనేవాడు.

మిగతా విషయాల్లో మాత్రం అతనికి బడాయి జాస్తి. "నానేసిన అతుకు సముద్రమే ఇప్పనేదు, మట్టెంత? సేసీద్దారి" అన్నాడు అక్కడికక్కడే.

సుద్దముక్కతో నేల మీద బొమ్మ గీసుకున్నాం. ట్రాక్టరు వెనక తగిలించే చట్రం ఒకటి. దానికి నిలువుగా మందపాటి ఇనుప రేకు. అది కత్తిలాగా మట్టిని చీల్చుకుంటూ మోకాలి లోతుకి దిగాలి. ఆ కత్తి అడుగున మొనదేలిన లావుపాటి ఇనుప దుంగ, అదే మా పందికొక్కు. ట్రాక్టరు లాగుతుంటే అది భూమి లోపల బొరియ చేసుకుంటూ పోవాలి. దాని వెనక గొలుసుకి ఒక గుండు, బొరియ గోడల్ని నున్నగా అదమడానికి. పైనుంచి చూస్తే పొలంలో ఒక గీత తప్ప ఏమీ కనబడకూడదు. లోపల మాత్రం ఈ చివర నుంచి గెడ్డ దాకా నీళ్ళు పోయే దారి. సామానుకి మాకు కొదవేముంది? అరిగిపోయిన బోటు షాఫ్టు ముక్క పందికొక్కయింది. ట్రాలరు వల అడుగున కట్టే ఇనుప గుండు వెనక గుండయింది. కత్తికి కావలసిన రేకు పాత ఓడల తుక్కు అమ్మే కొట్టులో దొరికింది.

లేత్ మీద మొన నేను తీశాను. గ్రైండరు పట్టి దానికి రూపు తెచ్చింది బావ. మొన అడుగుభాగాన్ని ఏటవాలుగా పైకి లేపాడు. "ముక్కు కింద లేపాల బావా. అప్పుడే కోసుకుంటా పోతాది" అన్నాడు. నాకూ సరైనదే అనిపించింది. పుట్టిన దగ్గర్నుంచీ మేం చూసిన ముక్కులన్నీ అలాంటివే. ఎంత ముద్దొస్తోందో అని ఇద్దరం దాని చుట్టూ తిరిగి తిరిగి చూసుకున్నాం. బావ దానికి పసుపు రాసి కుంకుమ బొట్టు కూడా పెట్టాడు.

మొదటిసారి మంచి ఎండల్లో పట్టుకెళ్ళాం. అంతకంటే తెలివితక్కువ పని ఉండదు. బంకమట్టి ఎండితే రాయి. కత్తి జానెడు దిగేసరికి ట్రాక్టరు ముందు చక్రాలు గాల్లోకి లేచాయి. డ్రైవరు కిందకి దూకేసి, "బాబూ, పెళ్ళాం పిల్లలు గలోణ్ణండి" అని దండం పెట్టాడు. అప్ప మమ్మల్ని పాక నీడన కూర్చోబెట్టి రాగులతో కాచిన చోడంబలీ, ఉప్పూకారం అద్దిన పచ్చిమామిడి ముక్కలూ పెట్టింది. "తొలకరి పడనీండి. పైన ఆరి, అడుగున మెత్తగుండాల. అప్పుడు లాగాల" అంది. ఆ అంబలి రుచి ఇంకా నా నాలిక మీదే ఉంది.

అలా ఆ ఏడాది మా ఆదివారాలన్నీ పద్మనాభం పాలయ్యాయి. తలుచుకుంటే ఇప్పుడు ఆ ఆదివారాల మీద బెంగపుడుతుంది. పొద్దున్నే మినీ వ్యానులో సామాను వేసుకుని బయల్దేరేవాళ్ళం. ఆనందపురం దగ్గర పూల బుట్టల ఆటోలు రోడ్డుకి అడ్డంగా ఆగి ఉంటే నేను తిట్టేవాణ్ణి, బావ మాత్రం దిగి ఎవరితోనో ఒకరితో కబుర్లు పెట్టుకునేవాడు. ముందు అప్ప వాళ్ళ చర్చిలో ఆరాధన, తర్వాత పొలంలో వాలూ, మట్టి తడీ చూసుకోవడం. బావ హిందువు, లోపలికి వచ్చేవాడు కాదు. బయట చూరు కింద మా అందరి చెప్పులకీ కాపలా కూర్చుని పాటలు వినేవాడు. అప్ప గొంతు ఎత్తి పాడితే వీధి చివరిదాకా వినిపించేది. ఆ పాటలు బావకి నోటికొచ్చేశాయి. సోమవారం షెడ్డులో వెల్డింగ్ చేస్తూ ప్రభువు పాటలు కూనిరాగాలు తీస్తుంటే, బోట్ల వాళ్ళు నన్ను పక్కకి పిలిచి, "ఏటి, మా వోణ్ణి కలిపీసుకున్నారేటి?" అని అడిగేవాళ్ళు.

తొలకరి పడింది. పైన ఆరేదాకా ఆగి పందికొక్కుని పట్టుకెళ్ళాం. అప్ప పందికొక్కు మీద చెయ్యి వేసి కళ్ళు మూసుకుని ప్రార్థన చేసింది. ఆవిడ ఆమెన్ అనేదాకా ఆగి బావ కొబ్బరికాయ కొట్టాడు. ఇద్దరు దేవుళ్ళకీ చెప్పుకున్నాం, ఇంకేం కావాలి అనుకున్నాను. కత్తి దిగింది. ట్రాక్టరు కదిలింది. నేను ఈల వేశాను. కాస్త దూరం పోయిందో లేదో చట్రం మెల్లగా పైకి లేవసాగింది. ఇంకొంచెం పోయేసరికి పందికొక్కు మట్టి చీల్చుకుని బయటికొచ్చి, కుంకుమ బొట్టుతో సహా మమ్మల్ని చూసింది. మళ్ళీ దించాం. మళ్ళీ లేచింది. చట్రం మీద ఇసుక బస్తాలు పెట్టాం. ఆఖరికి బావే ఎక్కి నిలబడ్డాడు. బావతో సహా లేచింది.

"బోటు సికారేటండి ఇది?" అని డ్రైవరు నవ్వాడు.

అప్ప నవ్వలేదు. "మీరు ఏటి సేసినా పడవే సేత్తార్రా. సూడు, ఎలాగ తేల్తందో" అంది.

నాకు ఒళ్ళు మండిపోయింది. చేతిలో ఉన్న స్పానరు తీసి గెడ్డలోకి విసిరేశాను. అది నాన్న స్పానరని ఆ తర్వాత గుర్తొచ్చింది. ప్యాంటు పైకి మడిచి బురదలో దిగి దేవులాడుకుంటుంటే, అప్పుడు నవ్వింది అప్ప, పొట్ట పట్టుకుని. "ఓలమ్మో, గేదె దిగినట్టు దిగినాడు సూడండర్రా!" అంటూ. స్పానరుతో నేను ఒడ్డెక్కేసరికి ఆ నవ్వు లేదు.

"తమ్ముడూ, దమ్ము పట్టీలోపల అవ్వాలిరా. మడికి నీరు పెట్టి బురద తొక్కించి నాట్లేసీసినాక ఇంక ట్రాక్టరు దిగదు. ఈ ఏడూ పోయినట్టే" అంది. షెడ్డులో లేత్ మీద మొక్కలు విసిరికొట్టినప్పటి గొంతు కాదు అది. అప్ప భయపడడం నేను అంతకుముందు ఎప్పుడూ చూడలేదు.

మర్నాడు ఒక బోటుకి షాఫ్టు కొలత తీసుకోవడానికి ఫిషింగ్ హార్బరుకి వెళ్ళాను. బోటుని గట్టు మీదకి లాగి పెట్టారు. దాని ముక్కు కింద నిలబడి, ఏటవాలుగా పైకి లేచిన ఆ అడుగుని చూస్తున్నాను. అల వచ్చి ఆ వాలుకి కొట్టుకుంటే ముక్కు పైకి లేస్తుంది. అలా లేవడానికే కదా దాన్ని అలా చేస్తారు! అప్ప మాట చెవిలో గింగురుమంది. తేల్తంది. తేలకేం చేస్తుంది? తేలేలాగే చేశాం మేం. నీళ్ళలో ఎలా లేస్తుందో మట్టిలోనూ అలాగే లేస్తోంది. కొలత సంగతి మర్చిపోయి షెడ్డుకి పరిగెత్తాను.

"బావా, ఆ ముక్కు కోసీసి మళ్ళీ అతకాల" అన్నాను.

"ఎలాగ?"

"ఇలాగ కాదు. అటు."

"అటంటే? ఎడం పక్కకా?"

"ఎడం కాదు బావా. కిందది పైకి..."

"పైకే కదేటి ఉంది?"

మీసాలు నెరిసిన ఇద్దరు మగవాళ్ళం, ఒక్క చిన్న మాట అనలేక అక్కడ నిలబడి చేతులు తిప్పుకుంటున్నాం. చివరికి టీ గ్లాసులో మిగిలింది పారబోసి గ్లాసుని బల్ల మీద బోర్లించాను.

బావ గ్లాసుని చూశాడు. నన్ను చూశాడు. ముఖంలో రంగు పోయింది. బయటికెళ్ళి బీడీ ముట్టించాడు. పడవ ముక్కుని తన చేత్తో అలా పెట్టాలంటే అతనికి ఎవరు గుర్తొస్తారో నాకు తెలుసు. అందుకే వెనక వెళ్ళలేదు, పిలవలేదు. చాలాసేపటికి లోపలికి వచ్చాడు.

"ఇది నీల మీద పోయీది కాదు కదేటి?" అన్నాడు.

"కాదు బావా. మట్టిలోకి పోయీది."

"అప్ప పొలం నిలవాల కదా?"

"నిలవాల."

"అయితే ఆ మాస్కు ఇలాగియ్యి."

కోసి, తిప్పి, అతికాడు. ఇప్పుడు వాలు పైకొచ్చింది, చదునైన వైపు అడుగుకి పోయింది. ముందు పందికొక్కుని పైకి ఎగదోసిన మట్టే ఇప్పుడు దాని నెత్తి మీద కూర్చుని కిందకి తొక్కాలి. ఈసారి బావ పసుపు రాయలేదు.

మూడోసారి పందికొక్కుని పట్టుకెళ్ళేటప్పటికి చుట్టుపక్కల మడుల్లో దమ్ములు మొదలైపోయాయి. అప్ప తన మడికి నీరు పెట్టకుండా మా కోసం ఆపుకుని కూర్చుంది. ఎదురుగా వచ్చి పలకరించలేదు, ప్రార్థన కూడా పైకి చెయ్యలేదు. గట్టు మీద నిలబడి కొంగు నోట్లో కుక్కుకుంది. ట్రాక్టరు కదిలింది. నేను వెనక్కి తిరిగి నిలబడ్డాను, చూడలేక. బావ మాత్రం ఒక చెయ్యి చట్రం మీద వేసి కత్తి పక్కనే నడుస్తున్నాడు. ఇంజను మోత తప్ప ఏమీ లేదు. ఉన్నట్టుండి కేక వినబడింది.

"మునిగినాది! బావా! మునిగినాదిరా బావా! నిండా మునిగినాది!"

తిరిగి చూశాను. చట్రం నేలకి ఆనుకుని పోతోంది. కత్తి మొత్తం లోపలికి దిగిపోయింది. వెనకాల సన్నటి గీత, అంతే. బావ తువ్వాలు గాల్లో తిప్పుతూ, "మునిగినాది, మునిగినాది" అని గెడ్డ దాకా అరుస్తూనే పోయాడు. మేమెవరం ఆ మాట వద్దనలేదు. గెడ్డ గట్టు పక్కన కత్తి పైకి తీసేసరికి, మట్టి గోడలో బొరియ కనబడింది, గుండ్రంగా, నున్నగా, పందికొక్కు కూడా అసూయపడేలా. డ్రైవరు ఇంజను ఆపాడు. అప్పుడు తన నోట్లోంచి వచ్చిన మాటేంటో బావకి వినబడినట్టుంది. తువ్వాలు మొహాన వేసుకుని గట్టు మీద కూలబడిపోయాడు.

అప్ప వెళ్ళి అతని పక్కన కూర్చుంది.

"మా అన్న మునిగిపోనాడప్పా" అన్నాడు తువ్వాలు లోంచి. "ఏటకెళ్ళినాడు అంతాము గానీ... మునిగిపోనాడు."

"అవును నాయనా" అంది అప్ప, వీపు నిమురుతూ. ఆ రోజు ముగ్గురం ఏడ్చాం. నేను గెడ్డ వైపు తిరిగి ఏడ్చాను కాబట్టి ఎవరూ చూడలేదనుకున్నాను. చూశారని తర్వాత చాలాసార్లు చెప్పి ఏడిపించారు.

సాయంత్రానికి పల్లమంతా గీతలు గీశాం. ప్రతి బొరియ మూతికీ ఒక గొట్టం దిగ్గొట్టి, దానికి చెక్క బిరడా బిగించాడు బావ, బోటు అడుగున నీళ్ళు వదిలే కన్నానికి బిగించినట్టు. వరి ఉన్నన్నాళ్ళూ బిరడాలు ఉండాలి. వరి కోసి మినుములు జల్లాక వాన పడితే పీకెయ్యాలి. అంతే యంత్రాంగం.

నాట్లు పడ్డాయి, కోతలయ్యాయి, మినుములు జల్లారు. అనుకున్నట్టే వాయుగుండం పట్టింది. హార్బరులో బోట్లన్నీ కట్టేశారు. షెడ్డు రేకుల మీద వాన ఆగకుండా కొడుతోంది. ఫోన్ రాలేదు. నేను చేస్తే అప్ప ఎత్తలేదు. పొలం మునిగిందంటే అప్ప మాట తప్పే మనిషి కాదు, మూట సర్దుకుని వచ్చేస్తుంది. మా ఆవిడ మేడ మీద గది దులిపి మంచం మీద కొత్త దుప్పటి పరిచింది. నేను బల్ల ఫ్యాను తెచ్చి పెట్టాను. ఆ గదిలో మోకాళ్ళూని ప్రభువా, అప్ప పొలం నిలబెట్టు అని ప్రార్థించాను. లేచి కిటికీ తెరిచి, కుర్చీ ఇక్కడ వేస్తే అప్పకి కొండ కనబడుతుందా అని చూసుకున్నాను. రెండూ నేనే, రెండూ నిజమే. ప్రభువుకి నాతో ఎంత విసుగొచ్చి ఉంటుందో.

వాన ఇంకా పడుతుండగానే షెడ్డుకి ఫోన్ వచ్చింది. నేను హలో అనకముందే, "ఇను" అంది అప్ప. ముందు గాలి హోరు. తర్వాత బడబడమని నీళ్ళు పడుతున్న చప్పుడు. ఫోను గొట్టం మూతి దగ్గర పట్టుకుందని అర్థమైంది. చెయ్యెత్తి బావని గ్రైండరు ఆపమన్నాను, స్పీకరు పెట్టాను. బావ మాస్కు తీసి దగ్గరికి వచ్చాడు. ఇద్దరం ఆ చప్పుడు వింటూ నిలబడ్డాం.

"బిరడాలన్నీ పీకీసినాను. అప్పట్నుంచీ పోతనే ఉంది. బేగి ఫోన్ సేద్దునుగానీ, నీరు దిగిపోయీదాకా నాకే నమ్మకం కుదర్నేదు" అంది అప్ప. ఆ వెంటనే ఇంకో మాట కూడా అంది. "పొలం తడిసినాదిరా తమ్ముడూ. అంతే. మునగనేదు."

మా షెడ్డు మాట అప్ప వెక్కిరింపు లేకుండా అనడం అదే మొదటిసారి. బావ అక్కడే చిందులు తొక్కాడు. పక్క షెడ్డు వాళ్ళు వచ్చి ఏంటని అడిగితే, "మా పొలం తడిసిందంతే!" అని అరిచాను. నాకు మతి పోయిందేమో అన్నట్టు చూశారు వాళ్ళు. ఇంటికెళ్ళి మేడ ఎక్కి, ఆ దుప్పటి నేనే మడత పెట్టాను. సంతోషంతోనే మడత పెట్టాను. ఏడుపొచ్చిన మాట కూడా నిజమే.

ఇదంతా జరిగి చాలా ఏళ్ళయింది. మా పందికొక్కు చుట్టుపక్కల చాలా పొలాలు తిరిగింది, దాన్ని చూసి ఇంకో రెండు షెడ్లలో అలాంటివే పిల్ల పందికొక్కుల్ని కూడా చేశారు. ఒకసారి వ్యవసాయాధికారి ఒకాయన చూసి, ఇలాంటి నాగళ్ళు చలి దేశాల్లో ఎప్పట్నుంచో ఉన్నాయండి అన్నాడు. మేమే కనిపెట్టామనుకున్నామేమో, బావా నేనూ ఆ పూట అన్నం తినలేదు. అప్ప మాత్రం, "ఉంటే ఉండనీ. ఆళ్ళ పందికొక్కులు ఆళ్ళవి, మనది మనది" అంది. బావ ఇప్పుడు పని మానేసి యారాడలో ఉంటున్నాడు. చెవులు పోయాయి, గ్రైండరు మోత తిన్నన్ని రోజులు తింది. గట్టిగా అరిచి చెబితే గానీ వినబడదు. అప్ప మినుములు మాత్రం ఏటా మా ఇంటికి వస్తాయి. మేడ మీద గదిలో మంచం పక్కన ఆ బస్తాలే ఉంటాయి, గదంతా వాటి వాసనే.

బంకమట్టిలో బొరియలు కలకాలం ఉండవు. కొన్నేళ్ళకి పూడిపోతాయి, మళ్ళీ లాగాలి. మొన్న అప్ప ఫోన్ చేసింది. "గొట్టాల్లోంచి నీరు సరిగా రాట్లేదురా. తొలకరి పడిపోనాది. పందికొక్కుని పట్రా" అంది. మోకాళ్ళు బొత్తిగా పనిచేయడం లేదు ఆవిడకి, కర్ర పట్టుకుని గట్టు మీద తిరుగుతోంది. ఒక్క ఏడాది నేను వెళ్ళకపోతే చాలు, మూట సర్దుకుని వచ్చేస్తుంది.

నిన్న పందికొక్కు తుప్పు గీకి, గొలుసుకి గ్రీజు పెట్టి, వ్యానులో ఎక్కించాను. ఆదివారం ఆరాధన అయ్యాక లాగాలి. రాత్రి అన్నం పెడుతూ మా ఆవిడ, వానలొచ్చేస్తున్నాయి, మేడ మీద గది దులపమంటావా అని అడిగింది.

వద్దులే, అప్ప రాదు అన్నాను.